ట్రైకో కార్డు ఒక్కడు కడితే లాభం లేదు

కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

మనలో చాలామందికి ఉద్యోగం హట్టి బంగారు గనుల్లో, పొలం సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో. తుంగభద్ర కాలువ కింద మన పెద్దలు మొదలుపెట్టిన వరి అది. ఆ వరిలో కాండం తొలిచే పురుగుకి మనం కొట్టే మందుల గురించే ఈ మాట.

పురుగు పిల్ల కాండంలోకి దూరాక పైనుంచి ఎంత కొట్టినా దానికి సరిగా తగలదు. తెల్లకంకి కనబడిందంటే ఆ కంకి పోయినట్టే. ట్రైకోగ్రామా కందిరీగ అంతకంటే ముందే, గుడ్డు దశలోనే పని పడుతుంది. మిల్లీమీటరు కూడా ఉండదు, మనిషిని కుట్టదు. పురుగు పెట్టిన గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. వారం పది రోజులకి అందులోంచి పురుగు బదులు కందిరీగే బయటికొస్తుంది. ఒక్కో కార్డు మీద సుమారు 20 వేల గుడ్లు అంటించి ఇస్తారు, ముక్కలుగా కత్తిరించి సాయంత్రం పూట ఆకుల అడుగున కట్టాలి.

"కట్టాం అండీ, ఏం పనిచేయలేదు" అనే మాట క్యాంపుల్లో మామూలే. నన్నడిగితే చాలాసార్లు తప్పు కార్డుది కాదు, గట్టు అవతలిది. మీరు కార్డు కట్టిన మర్నాడే పక్కాయన మందు కొడితే గాలివాటుకి మీ కందిరీగలు కూడా చస్తాయి. ఆయన్ని తిట్టి ఏం లాభం, ఆయనకి ఎవరు చెప్పారు?

బొప్పాయి సంగతి వేరు. 2008లో కోయంబత్తూరులో పిండినల్లి కనబడితే, 2010లో బెంగళూరులోని జాతీయ కీటక సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగల్ని తెప్పించి వదిలింది. అవి తోటల్లో వాటంతట అవే పెరిగి పిండినల్లిని అణిచేశాయి. ట్రైకో అలా నిలవదు. మొదటి రెక్కల పురుగులు కనబడ్డప్పటినుంచి వారం వారం వదలాలి, ప్రతి పంటకీ వదలాలి.

దోమపోటుకి ఇది పనికిరాదు, ముందే చెబుతున్నా. దోమ హద్దు దాటితే మందు కొట్టక తప్పదు. కాకపోతే కొట్టే ముందు పక్క పొలాలకి ఒక ఫోను చెయ్యండి.

నేననేది ఏమిటంటే, వచ్చే పంటకి ఒకే పిల్లకాలువ కింద వరసగా పొలాలున్న పది మందిని సంఘం కూర్చోబెట్టాలి. కార్డులు ఒకే రోజు కట్టాలి, మందు కొట్టని రోజులు ముందే మాట్లాడుకోవాలి. కార్డుల కోసం రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి సంఘం తరఫున ముందే వెళ్లి అడగాలి, నాట్లయ్యాక పరుగెత్తితే దొరక్కపోవచ్చు. కౌలుకిచ్చినవాళ్లు కౌలుదారుని కూడా తీసుకురండి, మందు కొట్టేది ఆయనే కదా.

ఒప్పుకునేవాళ్లు క్యాంపు పేరు, ఎకరాలు, ఏ కాలువ కిందో కింద రాయండి.