ఇల్లాలి పేజీ: పిల్లల బొంతకు ఏ దూది?

మార్గశిర పుష్య మాసాలలో చలి ముదిరితే మన ఇళ్లలో మొదట పుట్టే ప్రశ్న, పిల్లవాడికి కప్పడానికి ఏమున్నదని. బెంగుళూరు, హోసూరు వైపు వారికి చలి బాధ ఎక్కువ. చెన్నపట్నంలోనూ, యానాంలోనూ చలికన్న తేమ బాధ ఎక్కువ. కాబట్టి ఒకే బొంత అన్ని ఊళ్లకూ పనికిరాదు. అయినా దుకాణానికి వెళ్లిన తల్లులలో చాలమంది చేసే పని ఒకటే: సంచిలో చేయి పెట్టి చూచి, ఏ దూది మెత్తగా ఉంటే దానిని తూయించడం. మెత్తదనం కన్న ముందు బిడ్డ వయస్సునూ, ఉతుకునూ చూడవలెనని ఈ నెల మనవి చేయదలచినాము.

మొదట చంటిబిడ్డల మాట. ఏడాది నిండనివారికి నిద్రలో దూది కూర్చిన కప్పుడు ఏదీ వద్దు. అది ముఖం మీదికి జారితే తొలగించుకొనే శక్తి వారికి ఉండదు. ఊపిరి ఆడక ప్రాణానికే ముప్పు రావచ్చును. ఒళ్లు మితిమీరి వేడెక్కవచ్చును. శిశువు పడుకొనే చోట దిండ్లు, బొంతలు, మెత్తలు ఉంచవద్దని అమెరికా శిశువైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనలలో స్పష్టంగా ఉన్నది. కింద పరిచేది కూడా సమంగా, గట్టిగా ఉండాలి. చలి వేస్తుందనుకొంటే చొక్కా మీద మరొక పలుచని చొక్కా తొడగండి. బారసాలకు అమ్మమ్మగారు ముచ్చటపడి మెత్తని బొంత తెచ్చి ఉండవచ్చును. ఆమె మనస్సు నొప్పించనక్కరలేదు. పుట్టినరోజు వెళ్లిన తరువాత తీద్దామని చెప్పి, పెట్టెలో దాచండి.

ఇక ఏడాది దాటినవారి సంగతి. వీరికి అన్నిటికన్న మంచిది దూదే లేని బొంత! నాలుగైదు పాత నేతచీరల పొరలను ఒకదానిమీద ఒకటి పరిచి, దగ్గరదగ్గరగా దారపు వరుసలు వేసినది. కన్నడదేశంలో దీనినే కౌది అంటారు. మరాఠీవారు గోధడి అంటారు. ఒడిషాలో కంథా అంటారు. పేరేదైనా గుణమొకటే. ఎన్నో ఉతుకులు తిన్న బట్ట కనుక ఒంటికి మెత్తన. పక్క తడిపే పిల్లవాడు తెల్లవారి తడిపితే, మంచి ఎండలో సాయంత్రానికి ఆరుతుంది. లోపల కదిలేది, ఉండ కట్టేది ఏమీ లేదు.

నాలుగైదేళ్లు దాటినవారికి, చలి ఊళ్లలో దూది బొంత కుట్టించవచ్చును. అప్పుడు దూదుల తారతమ్యం తెలియాలి.

పత్తిదూది తేమను పీలుస్తుంది. మామూలు గాలిలో నూరు పాళ్ల పొడి పత్తి సుమారు ఎనిమిదిన్నర పాళ్ల తేమను పట్టి ఉంచుతుంది. పాలిస్టరు అర పాలైనా పట్టదు. అందుచేతనే పత్తిబొంత కింద చెమట పట్టినా ఒళ్లు చిరచిరలాడదు. అయితే ఆ గుణమే దోషము కూడాను. తడిస్తే లోపలిదాకా తడుస్తుంది, సరిగా ఆరకపోతే బూజు వాసన వేస్తుంది. పత్తిలోనూ పొట్టిపింజ దేశవాళీ రకం కాస్త బిరుసు, త్వరగా అణగదు. సన్ననూలుకు కావలసిన పొడుగుపింజ కోసం ఇక్కడ ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.

బూరుగుదూది చేతికి పట్టుకుచ్చువలె ఉంటుంది. దాని పింజ లోపల బోలు, పైన మైనపు పూత వంటిది. నీరు పట్టదు కనుక ఒకప్పుడు నీటిలో తేలే రక్షక కవచాలలో దీనిని నింపేవారు. కాని పింజ పెళుసు. ఉతికితే విరిగి ధూళి అవుతుంది, కుట్టు విడితే ముక్కులోకి పోతుంది. నిప్పు కూడా త్వరగా అంటుకొంటుంది. పెద్దల దిండ్లకు వాడుకోండి. పిల్లల బొంతకు మాత్రం వద్దు. తమిళనాట దుకాణంలో ఉత్త ‘పంజు’ అని అడిగితే రెంటిలో ఏదైనా ఇవ్వవచ్చును. ‘పరుత్తి పంజు’ అంటే పత్తి, ‘ఇలవం పంజు’ అంటే బూరుగు. పేరు విప్పి అడగండి.

పాలిస్టరు తేలిక, త్వరగా ఆరుతుంది, చవక. హాస్టలులో ఉండి తన బొంత తానే ఉతుక్కొనే పిల్లకు అది సుఖమే. కాని ఉక్క ఊళ్లలో చెమట పోదు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకొంటుంది. కుంపటి, దీపం దగ్గరకు చేరనీయవద్దు.

పత్తి అని చెప్పి కలిపి అమ్ముతున్నారని అనుమానమా? చిన్న పోగు పటకారుతో పట్టి, పెద్దవారు వెలిగించి చూడండి. పత్తి కాగితంవలె కాలి బూడిద అవుతుంది. పాలిస్టరు గట్టి పూసవలె గడ్డ కడుతుంది. దూదిలో రంగు దారాలు కనిపిస్తే, అది పాత గుడ్డలు చీల్చి ఏకినదని తెలుసుకోండి.

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల బొంతకు పావుకిలో దూది చాలును. ఎక్కువ కూరితే బరువే గాని వెచ్చదనం అంతగా పెరగదు. పైబట్టను ముందు తడిపి ఆరవేయండి. లేకపోతే మొదటి ఉతుకులో ముడుచుకొంటుంది. రెండు మూడు అంగుళాలకొక కుట్టు వరుస తప్పనిసరి. ఎడంగా కుట్టిస్తే ఏకువలె ఉన్న దూది ఉతుకులో ఉండ కట్టి, నిజంగా ఏకు మేకై కూర్చుంటుంది. పైన విడిగా ఒక గలేబు తొడిగితే ఉతుకు దానికే సరిపోతుంది. కొన్నేళ్లకు దూది అణగితే పారవేయవద్దు. దూదేకులవారి చేత మళ్లీ ఏకించి కుట్టించుకోవచ్చును. ఈ సదుపాయం పాలిస్టరుకు లేదు.

బీరువా అడుగున చిరిగిన నేతచీరలు ప్రతి ఇంటా ఉంటవి. పాతసామానువానికి వేసే ముందు, ఇంట్లో పసివాడున్నాడేమో చూడండి. మీ ఊరి చలికి, మీ ఊరి తేమకు ఏ బొంత నిలిచినదో మాకు వ్రాస్తే, వచ్చే సంచికలలో అందరితో పంచుకొంటాము.