పరాయి ఇంట్లో ‘ఇంటి మనిషి’
విదేశీ ఇంటి కొలువులకు వెళ్లే ఆడపిల్లలు ఏ కాగితం మీద వెళ్తున్నారు?

చిల్పూర్: “పెద్ద పనేం లేదు. పిల్లలను ఎత్తుకోవాలె, వాళ్లతోనే తినాలె. ఇంట్ల మనిషి లెక్కనే చూసుకుంటరు.” విదేశాల్లో ఇంటి కొలువుల గూర్చి మధ్యవర్తులు పల్లెల్లో చెప్పే మాటలు ఇంచుమించు ఇలాగే వుంటాయి. జీతం ఎంత, పని ఎన్ని గంటలు, సెలవు ఏ రోజు అన్నవి ఈ మాటల్లో వుండవు. ఇంటి మనిషికి జీతమేమిటి, సెలవేమిటి?

జనగామ ప్రాంతానికి ఈ వరస కొత్త కాదు. గడీల కాలంలో దొర బిడ్డ అత్తవారింటికి పోతుంటే వెంట పేదింటి ఆడపిల్లలను పంపేవారు. వారిని ఆడబాపలు అన్నారు. వాళ్లూ ఆ ఇంట్లోనే తిన్నారు, ఆ ఇంట్లోనే పడుకున్నారు. కూలి లేదు, తిరిగి వచ్చే దారి లేదు. వెట్టిని ఎదిరించి ఈ గడ్డ పోరాడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. బాకీ కింద మనిషిని పనిలో కట్టివేయడం నేరమని 1976లో పార్లమెంటు చట్టం చేసింది. అయితే ఆ చట్టం దేశ సరిహద్దు దాటి వెళ్లదు.

విదేశీ ఇంటి పనుల్లో రెండు రకాలు వున్నాయి. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే చాలా మంది చిక్కుల్లో పడుతున్నారు.

మొదటిది ఐరోపా దేశాల్లోని ‘ఓ పేర్’ పద్ధతి. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ‘సమాన హోదాలో’ అని అర్థం. పెళ్లికాని యువతీ యువకులు భాష నేర్చుకునేందుకు ఒక కుటుంబంలో వుండి, బదులుగా పిల్లలను చూసుకుంటారు. దీనిపై 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో ఐరోపా దేశాల ఒప్పందం ఒకటి జరిగింది. జర్మనీ నిబంధనలు చూస్తే విషయం బోధపడుతుంది. వయసు 18 నిండాలి, 27 నిండకూడదు. జర్మన్ భాష మొదటి మెట్టు పరీక్ష పాసు కావాలి. పని వారానికి 30 గంటలు మించరాదు, వారానికి ఒకటిన్నర రోజు సెలవు. వేరే గది, తిండి, బీమా ఆ కుటుంబమే చూడాలి. చేతి ఖర్చుకు నెలకు 280 యూరోలు, భాషా తరగతులకు మరో 70 యూరోలు ఇవ్వాలి. అంతా ఒక సంవత్సరమే, అదీ ఒక్కసారే.

280 యూరోలంటే మన లెక్కలో పాతిక వేల పైచిలుకే. అయితే దీన్ని జీతం అనరు, చేతి ఖర్చు అనే అంటారు. అప్పు చేసి వెళ్లి, సంపాదించి, అప్పు తీర్చి, ఇల్లు కట్టే కొలువు ఇది కాదు. అలా చెప్పే మధ్యవర్తి అబద్ధమాడుతున్నట్టే. జర్మనీలో వున్న తెలుగువారు తమ పసిపాపను చూసేందుకు ఊరి పిల్లను ఈ వీసా మీద పిలిపించుకుంటామంటే అది కూడా కుదరదు. ఇంట్లో జర్మన్ మాట్లాడాలి. అది వారి మాతృభాష కానప్పుడు, వారి స్వదేశం పిల్లను తీసుకోవడానికి వీల్లేదు. చుట్టాలైతే అసలే కుదరదు.

ఇన్ని నిబంధనలున్నా అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. భాష నేర్పే పేరుతో చవుకగా పనిమనుషులను తెచ్చుకుంటున్నారన్న విమర్శ పెరిగి, నార్వే 2024 మార్చిలో ఈ పద్ధతినే ఎత్తివేసింది.

రెండవది గల్ఫ్ ఇంటి పని. ఇది భాష నేర్చుకోవడం కాదు, బతుకు తెరువు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుండి మగవాళ్లు ఎక్కువగా పోతే, ఇంటి పనికి పోయే ఆడవాళ్లు కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుండి ఎక్కువ. ఆ వీసాను అక్కడి జనం ‘ఖద్దామా’ వీసా అంటారు. ఆ వీసా యజమాని పేరుకు ముడిపడి వుంటుంది. ఇల్లు నచ్చకపోతే మరో ఇంటికి పోయే స్వేచ్ఛ చాలా వరకు వుండదు. గడప దాటితే ‘పారిపోయింది’ అని కేసు. ‘ఏజెంటుకు ఇంత కట్టి నిన్ను తెచ్చుకున్నాను, ఆ సొమ్ము ఇచ్చి పో’ అనే మాట తిరిగి వచ్చిన అనేకమంది మహిళలు విన్నదే. బాకీ కింద జీతం వున్నవారికి ఈ మాట అర్థం కావడానికి వేరే వివరణ అక్కరలేదు.

చట్టాలు అక్కడా వచ్చాయి. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం ప్రత్యేక చట్టం చేసింది. రోజుకు 12 గంటలు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు అందులో వున్నాయి. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. అంటే సుమారు 16, 17 వేల రూపాయలు. ఇంత దూరం పోయేందుకు అది చాలునా అన్నది వెళ్లేవారే లెక్క వేసుకోవాలి. ఫ్యాక్టరీకి తనిఖీ అధికారి వస్తాడు. ఇంటి తలుపు తట్టి, ఈమె రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నదని అడిగేవారెవరు?

ప్రభుత్వం గట్టిగా నిలబడితే కొంత మేలు జరుగుతుందనడానికి ఫిలిప్పీన్స్ ఒక ఉదాహరణ. 2018లో కువైట్‌లో తమ దేశపు పనిమనిషి హత్య బయటపడగానే ఆ దేశం మనుషులను పంపడం ఆపింది. అదే ఏడాది మే నెలలో ఒప్పందం కుదిరింది. పాస్‌పోర్టు, ఫోను పనివారి దగ్గరే వుండాలని అందులో రాయించుకున్నది.

మన దేశంలోనూ నిబంధనలు వున్నాయి. పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టుపై ‘వలస తనిఖీ అవసరం’ అన్న ముద్ర వుంటుంది. అటువంటి మహిళ గల్ఫ్ సహా 18 దేశాలకు ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, వలస అనుమతి తీసుకోవాలి. 2016 నుండి వీరిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం ఆదేశించింది. తెలంగాణలో ఆ సంస్థ టామ్‌కామ్. అనుమతితో పోయినవారికి 10 లక్షల రూపాయల బీమా కూడా వుంటుంది.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటి వున్నది. పదో తరగతి, ఇంటర్ పాసైన పిల్లకు ఆ ముద్ర వుండదు, కనుక ఆ తనిఖీ కూడా వుండదు. చదువుకున్న వారు తమను తాము కాపాడుకోగలరన్నది ప్రభుత్వ ఉద్దేశం. ఇరవై రెండేళ్ల ఇంటర్ పిల్ల విమానమెక్కితే ఎవరూ ఆపరు, ఏ కొలువుకు పోతున్నదో ఏ దస్త్రంలోనూ వుండదు. చదువురాని నలభై ఏళ్ల తల్లికి వున్న రక్షణ చదివిన బిడ్డకు లేదు. నేడు పల్లెల్లో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా వున్న ఆడపిల్లలే ఎక్కువ. వారి చేతుల్లోని ఫోన్లలోకే ఈ ప్రకటనలు వస్తున్నాయి.

ముద్ర వున్నవారిని పంపేందుకు మధ్యవర్తులు పట్టిన దొడ్డిదారి విజిట్ వీసా. చుట్టపు చూపుగా దుబాయికో మస్కట్‌కో చేర్చి, అక్కడి నుండి ఇంటి పనిలో పెడతారు. బీమా లేదు, ఒప్పందం లేదు. ఎంబసీకి ఆమె ఉనికి తెలిసేది ఆమె ఏడుస్తూ ఫోన్ చేసిన రోజునే.

వీసా మీద ‘విజిట్’ అని వుంటే పనికి పోరాదు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు వున్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు. మీ సేవ కేంద్రంలో కూర్చునే కుర్రవాణ్ణి అడిగినా చూసి పెడతాడు. ‘ఓ పేర్’ పేరుతో పిలిచే కుటుంబం ముందుగా డబ్బు పంపమంటే అది కుటుంబమే కాదని తెలుసుకోవాలి. ఒప్పందం నకలు, పాస్‌పోర్టు నకలు, యజమాని ఫోన్ నంబరు ఇంటి దగ్గర ఒకరి వద్ద వుండాలి.

ఇప్పటికే పోయి చిక్కుకున్న వారి కోసం హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరు నుండి ‘ప్రవాసీ ప్రజావాణి’ నడుస్తున్నది. చిల్పూర్ వాళ్లు ఘనపూర్ స్టేషన్‌లో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగి అక్కడికి చేరవచ్చు. పాస్‌పోర్టు నకలు లేకపోతే మాత్రం దరఖాస్తులో రాయడానికి ఏమీ వుండదు.