ఆపరేషన్ అయిన ఏళ్లకు మళ్లీ ముద్ద దిగకపోతే...

ప్రశ్న: మా చెల్లెలికి 22 ఏళ్లు. ఆరేళ్ల వయస్సులో సోడాసీసాలో పోసి ఉంచిన యాసిడ్‌ను మంచినీళ్లనుకుని తాగింది. అన్నవాహిక పూడిపోతే, పెద్దపేగు ముక్కతో కొత్తది అమర్చారు. ఇన్నేళ్లూ బాగానే ఉంది. నాలుగు నెలలుగా ముద్ద గొంతులో ఆగుతోంది. రాత్రిళ్లు దగ్గు. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. ఆస్పత్రికి తిప్పితే నలుగురికీ తెలుస్తుందని అమ్మ భయం. పెళ్లయ్యాక చూపించవచ్చునా?
- ఒక అన్నయ్య, తెనాలి

జవాబు: పెళ్లి దాకా ఆగకండి. ఈ నెలలోనే చూపించండి.

ఇలాంటి ఆపరేషన్ జరిగిన చాలా ఏళ్లకు కూడా కొన్ని చిక్కులు రావచ్చు. మెడలో అతుకు వేసిన చోట దారి సన్నబడటం ఒకటి. దీన్ని చాలామందిలో ఎండోస్కోపీ ద్వారా వెడల్పు చేస్తారు, ఒక్కసారితో సరిపోకపోవచ్చు. రెండవది, పెద్దపేగుకు అన్నవాహికలా ముద్దను నెట్టే శక్తి లేదు. ఆహారం చాలావరకు తన బరువుతోనే జారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పేగు సాగి, వంపు తిరిగితే ఆహారం అందులో నిలిచిపోతుంది. కొందరికి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. మూడవది, పడుకున్నప్పుడు తిన్నది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవటం. రాత్రి దగ్గుకు ఇది కారణం కావచ్చు. కేవలం దగ్గు మందుతో సరిపెట్టుకుంటే న్యుమోనియా రావచ్చు.

బేరియం ఎక్స్‌రే, ఎండోస్కోపీలతో చాలావరకు కారణం తెలుస్తుంది. పాత ఆపరేషన్ కాగితాలు తప్పక తీసుకువెళ్లండి. కాలిన పాత అన్నవాహికను లోపలే వదిలేశారా అని అడగండి. అందులో దశాబ్దాల తర్వాత క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది.

ఈలోగా మెత్తటి ఆహారం కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు, కూర్చుని, బాగా నమిలి తినాలి. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకూడదు. మంచం తలవైపు కోళ్ల కింద జానెడు ఎత్తు చెక్కలు పెట్టండి. నీళ్లు కూడా దిగకపోయినా, జ్వరంతో ఆయాసం వచ్చినా, నెత్తురు కక్కినా ఆ గంటలోనే ఆస్పత్రికి చేర్చాలి.

మీ అమ్మగారికి చెప్పండి: ఈ ఆపరేషన్ పెళ్లికీ, పిల్లలకూ అడ్డం కాదు. గర్భం వస్తే మాత్రం డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పాలి. దాస్తే అత్తవారింట మొదటి భోజనం దగ్గరే బయటపడుతుంది. ఎదుటివారికి ముందే చెప్పటం మర్యాద, క్షేమం కూడా.

పాఠకులందరికీ ఒక మాట: యాసిడ్‌ను తాగే సీసాల్లో పోయకండి. ఎవరైనా తాగితే వాంతి చేయించవద్దు; వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.