లెక్కలోకి రాని 173.5

అమెరికాలో ఉంటూ ఫుట్‌బాల్ చూడ్డం మొదలెట్టిన మనవాళ్ళలో చాలామందికి క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కనిపిస్తాడు. బంతి అతని చేతిలో ఉంటుంది కాబట్టి కెమెరాలన్నీ అతని మీదే. నా మటుకు నాకు ఆ ఆటలో నచ్చేది అవతలి వైపు నుంచి అతని మీదకి దూకేవాడు. అలాంటివాళ్ళలో మొనగాడు డీకన్ జోన్స్ గురించే ఈ టపా. ఆట తెలియకపోయినా ఫర్వాలేదు, అప్రైజల్ అంటే ఏంటో తెలిస్తే చాలు :)

క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే, ఆట మొదలైన గీతకి వెనకాలే అతన్ని పడగొడితే దాన్ని 'సాక్' అంటారు. ఆ మాటని వాడుకలోకి తెచ్చింది డీకన్ జోన్సేనని చెబుతారు. తమాషా ఏంటంటే, ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ సాక్‌లని అధికారికంగా లెక్కపెట్టడం మొదలెట్టింది 1982లో. ఆయన ఆఖరి సీజన్ 1974. అంటే రికార్డు పుస్తకాల ప్రకారం, ఆ పనికి పేరు పెట్టినాయన ఖాతాలో ఒక్క సాక్ కూడా లేదన్నమాట!

ఈయన 1938లో ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌లో పుట్టాడు. అసలు పేరు డేవిడ్ జోన్స్. ఆ పేరుతో ఫోన్ డైరెక్టరీ నిండా జనం ఉన్నారని తనకి తనే 'డీకన్' అని పేరు పెట్టుకున్నాడు. సౌత్ కరోలినా స్టేట్‌లో చదువుతుండగా పౌరహక్కుల నిరసనలో పాల్గొన్నందుకు స్కాలర్‌షిప్పు ఊడింది. అక్కణ్ణుంచి మిసిసిపీలో ఓ చిన్న కాలేజీకి వెళ్ళాడు. 1961లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు 14వ రౌండులో తీసుకుంది. మన భాషలో చెప్పాలంటే, పెద్ద కాలేజీల వాళ్ళందరికీ ఆఫర్లు పంచేశాక మిగిలిన ఆఫర్ లెటర్ అది.

రామ్స్‌లో మెర్లిన్ ఓల్సెన్, రోజీ గ్రియర్, లమార్ లండీలతో కలిసి 'ఫియర్సమ్ ఫోర్సమ్' అని పేరు తెచ్చుకున్నారు. ఎదుటివాడి హెల్మెట్ మీద అరచేత్తో ఫెడీమని ఒక్కటిచ్చి, వాడు తేరుకునేలోపు పక్కనుంచి దూసుకుపోవడం జోన్స్ పద్ధతి. ఆ దెబ్బని 1977లో లీగ్ నిషేధించింది. మంచి పనే చేసింది లెండి.

2021లో ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ అనే వెబ్‌సైటు, పాత రికార్డులు తవ్వితీసిన పరిశోధకుల పుణ్యమా అని 1960 నుంచీ సాక్‌ల లెక్క ప్రచురించింది. జోన్స్‌కి 173.5 వచ్చాయి. (ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం, అందుకే ఆ అర.) ఆయన కంటే పైన ఉన్నది బ్రూస్ స్మిత్ 200, రెజీ వైట్ 198, అంతే.

దీన్నిబట్టి "చూశారా, అన్నీ లెక్కపెట్టాలి" అంటారేమో. నేనొప్పుకోను. లెక్కపెడితే ఏమవుతుందో కూడా ఇదే ఆటలో ఉంది. 2001 సీజన్ ఆఖరి మ్యాచ్‌లో మైకేల్ స్ట్రాహన్‌కి కొత్త రికార్డుకి ఒక్క సాక్ తక్కువైంది. ఆట చివర్లో క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ దాదాపు తనంతట తనే అతని ముందు వాలిపోయాడు. 22.5తో రికార్డు వచ్చేసింది, విమర్శలూ వచ్చాయి. క్వార్టర్ ఆఖర్లో టికెట్లు క్లోజ్ చేసి వచ్చే నెల మళ్ళీ ఓపెన్ చేసే విద్య మనకి కొత్తా ఏంటి?

పైగా ఓల్సెన్ సంగతి చూడండి. ఆయన మధ్యలో నిలబడితే అవతలివాళ్ళు ఇద్దరేసి మనుషుల్ని ఆయనకే కేటాయించాల్సి వచ్చేది. దానివల్ల పక్కన జోన్స్‌కి దారి దొరికేది. సాక్ మాత్రం జోన్స్ పేరునే పడుతుంది. ఓల్సెన్ చేసిన పనికి ఏ కాలమ్ పెడతారు?

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. జోన్స్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 1980లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే. అంటే అధికారిక లెక్క మొదలవడానికి రెండేళ్ళ ముందే. ఎంపిక చేసినవాళ్ళు అంకె కోసం ఆగలేదు, ఆట చూశారు. ఓల్సెన్‌నీ 1982లో తీసుకున్నారు. జోన్స్ 2013లో పోయాక, సీజన్లో ఎక్కువ సాక్‌లు చేసినవాడికిచ్చే అవార్డుకి లీగ్ ఆయన పేరే పెట్టింది, ఆయన సాక్‌లని మాత్రం తన పుస్తకంలో చేర్చకుండానే!

మన టీముల్లోనూ ఉంటారు ఇలాంటివాళ్ళు. వాళ్ళ మాడ్యూల్ ఎప్పుడూ పడిపోదు కాబట్టి వాళ్ళ పేరు మీద టికెట్లుండవు. కోడ్ రివ్యూలోనే తప్పు పట్టేస్తారు కాబట్టి ఆ బగ్ ఏ లెక్కలోకీ రాదు. రేటింగ్ దగ్గర "డేటా లేదు" అంటారు మేనేజర్లు. డేటా లేదనడం సాకు, చూడలేదనడం నిజం. ఈసారి ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చినప్పుడు, మీ పక్కనున్న ఓల్సెన్ గురించి నాలుగు లైన్లు రాయండి. ఎవరో ఒకరు చూసినట్టు కాగితం మీద ఉండాలి కదా.