బండి లాగకపోతే తప్పు మన కాలిదేనా?

ఆడవాళ్ళు కారు నడపడం ఇప్పుడు వింతేమీ కాదు. మా దాచేపల్లిలోనే చూడండి. పిల్లల్ని బడికి దింపాలన్నా, పిడుగురాళ్ళ ఆస్పత్రికి వెళ్ళాలన్నా, నరసరావుపేటలో పెళ్ళికి వెళ్ళాలన్నా ఎందరో ఆడవాళ్ళు తామే స్టీరింగు పట్టుకుంటున్నారు. వింతల్లా ఒక్కటే. ఆ కారుకి జబ్బు చేస్తే మెకానిక్కు మన మాట వినడు. పక్కన నించున్న మగమనిషిని అడుగుతాడు. ఆయనకి డ్రైవింగు రాకపోయినా సరే!

‘బండి లాగడం లేదు’ అని చెప్పినప్పుడు ఈ చిన్నచూపు మరీ ఎక్కువ. టైరు పంచరయితే కంటికి కనిపిస్తుంది. లాగకపోవడం నడిపేవాళ్ళకే తెలుస్తుంది. అందుకే “గేరు సరిగ్గా మార్చడం లేదేమో మేడమ్, క్లచ్చి మీద కాలు పెట్టి తోలుతున్నారేమో” అని సులువుగా అనేస్తారు.

ఇప్పుడొస్తున్న చిన్న కార్లలో టర్బో పెట్రోలు ఇంజన్లు మామూలైపోయాయి. 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందయ్ వెన్యూ, 2020లో మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సోనెట్, 2023లో మారుతి ఫ్రాంక్స్ ఇలాంటి ఇంజన్లతో వచ్చాయి. ఈ టర్బో అంటే ఏమిటో అర్థం కావడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. కట్టెల పొయ్యి, ఊదుగొట్టం తెలిస్తే చాలు. ఇంజను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానికి జోడించిన ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజను లోపలికి ఊదుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు, చిన్న ఇంజనుకీ పెద్ద బలం వస్తుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి.

మరి ఊదుగొట్టం పగిలితే మంట లేస్తుందా? ఇక్కడా అంతే.

కిందటి వేసవిలో మా కారు మూడో గేరులో ఉన్నట్టుండి నీరసపడేది. యాక్సిలరేటరు తొక్కితే బుస్సుమని చప్పుడే గానీ పరుగు లేదు. ఆ చప్పుడు సంగతి ఒక షెడ్డులో రెండుసార్లు చెప్పాను. అతను మా ఆయన వంక తిరిగి “టర్బో పోయింది సార్, మొత్తం మార్చాలి” అన్నాడు. వేలకు వేలు లెక్క చెప్పాడు, బానెట్టు కింద చేయి పెట్టకుండానే. ఇంకో చోటికి తీసుకెళ్తే, “చప్పుడు ఎప్పుడొస్తోందమ్మా? తొక్కినప్పుడా, వదిలినప్పుడా?” అని అడిగాడు ఆ కుర్రాడు. తొక్కినప్పుడే అన్నాను. టర్బో నుంచి ఇంజనుకి గాలి వెళ్ళే రబ్బరు గొట్టం క్లాంపు వదులైంది. బిగించాడు. అంతే!

అందుకే నేననేది, మన కారు లక్షణాలు మనమే గమనించి చెప్పాలి. డాక్టరు దగ్గర ‘ఒంట్లో బాలేదు’ అని ఊరుకుంటామా? జ్వరం ఎప్పుడొచ్చింది, రాత్రా పగలా అని చెప్తాం కదా. ఇక్కడా ఏ గేరులో, ఎంత వేగంలో, ఏసీ వేసినప్పుడా, ఇంజను వేడెక్కాకా, దీపం ఏదైనా వెలిగిందా అన్నవి కాగితం మీద రాసుకెళ్ళండి.

తేడాలు ఇలా ఉంటాయి. నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి తొక్కితే క్షణకాలం ఆలస్యంగా అందుకోవడం టర్బో స్వభావం, జబ్బు కాదు. ఇంజను హోరు పెరిగి, మీటరులో చుట్లూ పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్చిని అనుమానించాలి. కుదుపులతో ఆగి ఆగి లాగితే స్పార్కు ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. బుస్సుమంటే గొట్టాలు. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తే ఇంజనాయిలు మండుతోందని అర్థం, అప్పుడు టర్బోనీ పరీక్షించాలి. ఇంజను దీపం మిణుకు మిణుకుమంటే కాలు తేలిక చేసి, వీలైనంత త్వరగా పక్కకి ఆపాలి. ఆయిలు ఒత్తిడి ఎర్రదీపం వెలిగితే వెంటనే ఆపి ఇంజను కట్టేయాలి.

షెడ్డులో స్కానరు పెట్టించండి. పి 0299 అనే కోడు వస్తే గాలి ఒత్తిడి తక్కువైందని మాత్రమే అర్థం. టర్బో పోయిందని కాదు. గొట్టం వదులైనా, ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేటు ఇరుక్కున్నా, సెన్సారు తప్పు చెప్పినా ఆ కోడు రావచ్చు. చౌకైనవి ముందు చూసి, ఖరీదైనది చివర చూడమనండి.

మన పల్నాటికి ఇంకో సంగతుంది. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, మిరపకాయల కాలంలో పొలాల దారుల్లో లేచే దుమ్ము. ఇదంతా ఎయిర్ ఫిల్టరు మీదే పడుతుంది. పుస్తకంలో రాసిన కిలోమీటర్లదాకా ఆగకుండా ముందే తీసి చూపించుకోవాలి. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రెంటచింతల మనకి పక్కనే! వేడిగాలి పలచన, అందుకే మండువేసవి మధ్యాహ్నం బండి కొంచెం మందగిస్తుంది. సాయంత్రానికీ తేరుకోకపోతేనే చూపించాలి. కంపెనీ చెప్పిన రకం ఇంజనాయిలు సమయానికి మార్చడంలో మాత్రం పొదుపు వద్దు. టర్బో బేరింగుకి అదే ప్రాణం.

‘ఇవన్నీ మనకెందుకు, మగవాళ్ళు చూసుకుంటారులే’ అనే అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. సిమెంటు లారీని దాటబోతూ సగం దారిలో బలం తగ్గిపోతే, ఆ క్షణాన స్టీరింగు ముందున్నది మనమే కదా! వెనక సీట్లో ఉన్నది మన పిల్లలే కదా! బండి నీరసపడిందని తెలిసినప్పుడు లారీ వెనకే ఓపిగ్గా వెళ్ళడం పిరికితనం కాదు, తెలివి.

మెకానిక్కులందర్నీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా గొట్టం బిగించినవాడూ మెకానిక్కే. అతను ఎదుటి మనిషి ఆడో మగో చూడలేదు, చప్పుడు గురించి అడిగాడు. నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన గడ్డ ఇది. మనం నడిపే కారు గురించి మన మాట చెల్లకపోతే ఎలా? ఈసారి షెడ్డుకి వెళ్ళినప్పుడు మీరే ముందుకెళ్ళి మాట్లాడండి. ఏదైనా మారిస్తే పాత సామాను చూపించమని అడగండి. డబ్బు ఆ తర్వాత లెక్కపెట్టండి.