కరిజ్మాకి ఆ రోజు వస్తుందా?

పోయిన ఆదివారం నేలకొండపల్లి వెళ్లేసరికి వసారాలో బాబాయ్ కరిజ్మా మీద గోనెసంచులు ఆరేసి ఉన్నాయి. మనసు చివుక్కుమంది. 2010లో ఆ బండి ఇంటికి వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. వీధిలో పిల్లలమంతా చుట్టూ మూగి, స్పీడోమీటర్‌లో చివరి అంకె ఎంతుందో వంగి వంగి చూశాం. మీరూ చూసే ఉంటారు, ఒప్పుకోండి.

ఇప్పుడు దాని రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్లు నిండాయి. "అమ్మేద్దాంరా. ఒకబ్బాయి పద్దెనిమిది వేలు ఇస్తానంటున్నాడు" అన్నాడు బాబాయ్.

"ఆగు బాబాయ్, రేపు క్లాసిక్ అయిపోద్దేమో!" అన్నాను.

ఆయన నవ్వాడు. కానీ ఆ నవ్వులో కొంచెం బాధ కూడా ఉంది. ఎందుకంటే కరిజ్మా కోసం 2010లో ఆయన అమ్మింది ఆర్ఎక్స్ 100ని. అప్పుడు ఎంతో కొంతకి వదిలించుకున్న ఆ బండిని, ఇవాళ బాగున్నది దొరికితే లక్ష పైనే పెట్టి కొంటున్నారు.

అక్కడి నుంచి నా బుర్రలో లెక్క మొదలైంది. చదివింది ఇంజినీరింగ్ కదా, ఊరుకోలేం.

ఆర్ఎక్స్ 100 మన దగ్గర 1985లో వచ్చింది. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు వంద కిలోలు దాటీ దాటనట్టు. కరిజ్మా 2003లో వచ్చింది. 223 సీసీ, 17 హార్స్ పవర్, బరువు 150 కిలోలు. కిలోకి ఎంత పవర్ అని భాగిస్తే రెండూ దాదాపు ఒకటే! మరి ఒకటి లక్ష, ఇంకొకటి పద్దెనిమిది వేలు ఎందుకు?

మొదటి కారణం సౌండ్. ఆర్ఎక్స్‌ది టూ స్ట్రోక్. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగితే ఒకసారి మండుతుంది. ఫోర్ స్ట్రోక్ కరిజ్మాలో రెండు చుట్లకి ఒకసారి. ఆ గరగర, ఆ నీలం పొగ, ఆ ఉరుకుడు కొత్త బండిలో రావు. కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో దాన్ని ఆపేశారు. మళ్లీ అలాంటిది తయారుచేయడం ఇప్పుడు కుదరని పని. దొరకదు అని తెలిసిన రోజునే మనకి ప్రేమ పుడుతుంది, బండైనా మనిషైనా.

కరిజ్మాకి అలా జరగలేదు. 2008లో ఆర్15 వచ్చింది. 150 సీసీకే అదే 17 హార్స్ పవర్, పైగా లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు. 2012లో డ్యూక్ 200 వచ్చింది. కాలేజీ గేటు దగ్గర నిలబడి చూసే కళ్లన్నీ అటు తిరిగాయి. కరిజ్మా కన్నా మంచివి వరసగా వచ్చేశాయి కాబట్టి అది పాతబడింది. ఆర్ఎక్స్ పాతబడకముందే మాయమైంది. తేడా అక్కడుంది.

అలాగని కథ అయిపోలేదు. రాజ్‌దూత్ 350 సంగతి చూడండి. 1983లో వచ్చినప్పుడు ధర ఎక్కువ, పెట్రోలు తాగేస్తుంది అని జనం దూరం పెట్టారు. ఇవాళ దానికోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. జపాన్‌లో టయోటా ఏఈ86 అని ఒక రెండు తలుపుల కారు ఉండేది. రోజూ ఆఫీసుకి వెళ్లే కరోలా కుటుంబంలోదే. 1995లో మొదలైన 'ఇనీషియల్ డీ' అనే బొమ్మల కథలో హీరో ఆ కారులో టోఫు డెలివరీ చేస్తూ ఘాట్ రోడ్లలో అందర్నీ ఓడిస్తాడు. అంతే, దాని జాతకం మారింది. మనకీ 2018లో 'ఆర్ఎక్స్ 100' సినిమా వచ్చాక, ఆ బండి పేరు తెలియని ఇంటర్ పిల్లలు కూడా దాన్ని అడగడం మొదలుపెట్టారు. కరిజ్మాకి ఇంకా అలాంటి కథ పడలేదు.

మెకానిక్ అన్న దగ్గరికి తోసుకెళ్లా. (అవును, తోసుకుంటూనే. బ్యాటరీ డెడ్.) ఆయన చెప్పింది విని నా ఎక్సెల్ షీట్ మూసేశాను.

"ఇంజిన్‌కేం కాదు తమ్ముడూ. ఆర్ఎక్స్‌కి క్యామ్ షాఫ్ట్ లేదు, టైమింగ్ చైన్ లేదు. బోర్ చేయించి పిస్టన్ మారిస్తే మళ్లీ లేస్తది. దీనికి పని ఎక్కువ, కానీ చేయొచ్చు. ప్లాస్టిక్ ఉంది చూడు, అది నా చేతుల్లో లేదు. రేకు సొట్ట పోతే కొట్టి సరిచేస్తా, ఫెయిరింగ్ పగిలితే ఏం కొట్టను?"

నిజమే. ముందు ఫెయిరింగ్ ఎడమవైపు పగిలి ఉంది. ఖమ్మంలో నాలుగు షాపులు తిరిగినా ఆ రంగుది దొరకలేదు. రేపు క్లాసిక్ అవ్వాలంటే ముందు ఇవాళ ముక్కలు దొరకాలి.

చట్టం ప్రకారం చూస్తే మరీ కామెడీ. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, ఒరిజినల్‌గా ఉండాలి. అంటే మా కరిజ్మాకి 2060లో. అప్పటికి నాకు అరవై దాటుతాయి. పైగా ఆ నంబర్ ప్లేట్‌తో రోజువారీ తిరగకూడదు. తిరగని బండి నాకెందుకు?

డబ్బుల కోసమైతే దాచొద్దు, అది నా అభిప్రాయం. పద్దెనిమిది వేలు లక్ష అయ్యేలోపు బ్యాటరీలకీ టైర్లకీ అంతకన్నా ఎక్కువే పోస్తాం. ట్యాంకు మీద 'హీరో హోండా' అనే జంట పేరు ఇక రాదు, అదొక్కటే దీనికున్న చిన్న ఆశ. ఆ కంపెనీలు 2010 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటించాయి.

కానీ ఆ బండి మీదే బాబాయ్ నన్ను వెనక కూర్చోబెట్టుకుని శ్రీరామనవమికి భద్రాచలం తీసుకెళ్లాడు. రామదాసు పుట్టిన ఊరోళ్లం, నడిచే వెళ్లాలి నిజానికి. పాల్వంచ దాటాక అడవిలో చల్లగాలి, కింద ఇంజిన్ ఒకటే శ్రుతిలో. ఆర్ఎక్స్ మీద అంత దూరం వెళ్తే నడుము పోయేది అని బాబాయే అన్నాడు.

ఆ పద్దెనిమిది వేలు నేనే ఇస్తానన్నాను. తీసుకోలేదు. "పెట్రోలు నువ్వే పోయించు" అన్నాడు.

రెన్యూవల్ ఫీజు 1000 రూపాయలు, దానిమీద గ్రీన్ ట్యాక్స్. బుధవారం ఖమ్మం ఆర్టీఏలో స్లాట్ బుక్ చేశాను. ఆలోపు కుడివైపు ఇండికేటర్ వెలగాలి, గోనెసంచులకి ఇంకో చోటు చూడాలి.