గడప దాకా మోసేది మనిషే

ఒకే పేరుగల ఊళ్లు అనేకం ఉండడంతో పార్సిళ్లు దారితప్పేవి. ఆ చిక్కు తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. షాద్‌నగర్‌ పిన్‌కోడ్ 509216. అందులో చివరి మూడంకెలు తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. 2015లో పొరుగునే ఉన్న కొత్తూరులో అమెజాన్ భారీ గిడ్డంగిని తెరిచింది. నేడు పెట్టె మీది బార్‌కోడ్‌ను యంత్రం చదివిన ప్రతిచోటా దాని జాడ మన ఫోనుకు అందుతోంది.

అయితే ఆ తెర పెట్టె జాడను చూపుతుందే తప్ప, మోసుకొచ్చే యువకుని అలసటను చూపదు. పరుల వస్తువును భద్రంగా చేర్చడం అమానత్. ఎండనబడి దానిని నెరవేర్చిన వానిని ఆలస్యమైందని కసురుకోవడం, తెప్పించుకున్న వస్తువును అకారణంగా గడపలోనే తిప్పి పంపడం మనకు తగదు. సరైన చిరునామా, సిద్ధంగా ఉంచిన పైకం, ఒక గ్లాసు మంచినీళ్లు: ఇవి అతనికి మనం పడిన బాకీ.